గండికోటలో మొదటి రీలు: ముల్లు మధ్యలోనే ఉంది, మొహాలు మాత్రం నల్లగా వచ్చాయి

గండికోట_గాలి (కడప) · ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా నాయన తొంభైల్లో కువైట్ నుంచి వచ్చేటప్పుడు తెచ్చిన పెంటాక్స్ కె1000 ఫిలిం కెమెరా ఇన్నేళ్లూ బీరువాలో పడి ఉంది. పోయిన నెల బయటికి తీసి, దుమ్ము తుడిచి, కొత్త ఎల్ఆర్44 బ్యాటరీ వేసి, కొడాక్ గోల్డ్ 200 రీలు ఎక్కించుకుని స్నేహితులతో గండికోట పోయినా. తెల్లవారుజామున పెన్నా లోయ అంచున సూర్యోదయం, తర్వాత కోట లోపల మాధవరాయ గుడి, జామియా మసీదు, ధాన్యాగారం. మధ్యాహ్నానికి 36 ఫోటోలూ అయిపోయినాయి.

వ్యూఫైండర్‌లో కుడిపక్క వెలుతురు కొలిచే మీటర్ ముల్లు ఉంటుంది కదా, అది మధ్యలో ఉంటే వెలుతురు సరిపోయినట్టు. ప్రతి ఫోటోకీ ఆ ముల్లును మధ్యకు తెచ్చిన తర్వాతే నొక్కినా. ఒక్కటి కూడా తొందరపడి తీయలేదు.

రీలు కొరియర్‌లో బెంగళూరు పంపి కడిగించి, స్కాన్లు తెప్పించుకుంటే సగానికి పైగా దండగ. లోయ అంచున నిలబెట్టి తీసిన మనుషులు బొగ్గు బొమ్మల్లా ఉన్నారు, వెనక ఆకాశం మాత్రం బ్రహ్మాండంగా ఉంది. బయట ఎండలో గోడల దగ్గర తీసినవి కొంచెం నయం గానీ బురద రంగు, గింజలు గింజలు. ఒక నాలుగు మాత్రం చక్కగా వచ్చినాయి, అవెందుకు బాగొచ్చాయో కూడా తెలియదు. మా నాయన చూసి "నేను తీసినప్పుడు బాగానే వచ్చేవే" అని ఒక్క మాట అని టీవీ వైపు తిరిగినాడు.

మీటర్ పోయిందా? ల్యాబ్ వాళ్లు సరిగ్గా కడగలేదా? నాకే చేతకాలేదా? రీలు, కడగడం, స్కాన్, కొరియర్ కలిపితే నాకు ఒక్కో క్లిక్కు యాభై రూపాయల దాకా పడింది. ఇంకో రీలు వేయాలంటే టెన్షన్‌గా ఉంది.

సెల్_మీటర్ (కడప, ఇప్పుడు బెంగళూరు) · ఆదివారం, రాత్రి 9:32

మీటర్ పోయి ఉంటుంది బ్రో. పాత కెమెరా మీటర్లను నమ్మి రీళ్లు తగలేసుకోవద్దు. ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ పెట్టుకో, అది చెప్పిన అంకెలు కెమెరాలో పెట్టు. నేనలాగే చేస్తా.

ఎండమావి (ప్రొద్దుటూరు) · ఆదివారం, రాత్రి 10:05

యాప్ ఎందుకు బ్బా. ఎండలో అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం, ఎఫ్16; షట్టర్ ఫిలిం నంబరుకు (నీ గోల్డ్ 200లో ఆ 200) దగ్గరది, అంతే. సన్నీ 16 అంటారు. కాకపోతే అది ఎక్కడో చలిదేశం వాళ్లు పెట్టుకున్న లెక్క. మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఎండకు సన్నీ 22 పెట్టుకోవాల. మే నెలలో గొడుగు లేకుండా పది నిమిషాలు నిలబడి చూడు, నీకే తెలుస్తాది.

బురుజు_నీడ (కర్నూలు) · సోమవారం, ఉదయం 6:40

ఎండమావీ, ఆ పిల్లోడు ఫోటోలు నల్లగా వచ్చాయని మొత్తుకుంటుంటే నువ్వు ఇంకా మూసేయమంటావేందయ్యా. నీ సన్నీ 22 సంగతి తర్వాత చూస్తాలే.

గండికోట_గాలీ, నేను కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరంలో ముప్పై ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ణి. స్కాన్ చూసి తీర్పు చెప్పకూడదు. ఫిలిం మీద వెలుతురు తక్కువ పడినా ఎక్కువ పడినా స్కాన్ మిషన్ తనకు తోచినట్టు సర్దేస్తుంది. చాలని వెలుతురును పైకి లాగితే వచ్చేదే ఆ గింజలు, ఆ బురద. నెగెటివ్‌లు వెనక్కి తెప్పించుకున్నావా? ఉంటే పగటిపూట కిటికీకి తెల్లకాగితం అంటించి దాని ముందు పట్టుకుని చూడు.

ఫిలిం అంచున, రంధ్రాల పక్కన కంపెనీ పేరు, ఫోటో నంబర్లు ఉంటాయి. వాటిని ఫ్యాక్టరీలోనే వెలుతురుతో అచ్చు వేస్తారు, నీ కెమెరాకు వాటితో పనిలేదు. అవి చిక్కగా ఉండి ఫోటోలు పలచగా ఉంటే ల్యాబ్ తప్పు కాదు, కెమెరాలోనే వెలుతురు చాలలేదు. అవీ పలచబడి ఉంటే కడగడంలో తేడా. ముందు అది చెప్పు.

అట్లాగే షట్టర్ స్పీడ్ చక్రం మీద చిన్న కిటికీ ఉంటుంది. అందులో ఏ నంబరు కనిపిస్తోందో కూడా చెప్పు.

గండికోట_గాలి (కడప) · సోమవారం, సాయంత్రం 6:15

సార్, నెగెటివ్‌లు ఉన్నాయి. అంచు మీద అక్షరాలు, నంబర్లు చిక్కగా చక్కగా ఉన్నాయి. ఫోటోలు మాత్రం పలచగా ఉన్నాయి. మనుషులున్న చోట దాదాపు ఖాళీ ఫిలిమే.

కిటికీలో 400 అని ఉంది. అది మార్చాలని నాకు తెలియదు. రీలు డబ్బా చూసి కెమెరానే తెలుసుకుంటుందనుకున్నా.

బురుజు_నీడ (కర్నూలు) · సోమవారం, రాత్రి 8:20

దొరికాడు దొంగ. ఒకడు కాదు, ఇద్దరు.

మొదటి దొంగ ఆ 400. రీలు డబ్బా మీద నలుపు, వెండి రంగు గడులు ఉంటాయి చూడు, వాటిని చదివే తెలివి కె1000కు లేదు. 1976లో మొదలైన మోడల్ అది, ఆ గడులే దానికంటే తర్వాత వచ్చాయి. నువ్వు ఏం చెబితే అదే దానికి తెలుసు. చక్రం అంచును పైకి లాగి తిప్పితే ఆ నంబరు మారుతుంది. 400 అని చెబితే "ఈ ఫిలిం చురుకైనది, కొంచెం వెలుతురు చాలు" అనుకుంటుంది. లోపల ఉన్నది 200. అంటే ప్రతి ఫోటోకీ కావలసినదాంట్లో సగమే పడింది.

ఈ సగం, రెట్టింపు లెక్కనే స్టాప్ అంటాం. షట్టర్ 1/250 నుంచి 1/125కు తెస్తే వెలుతురు రెట్టింపు, ఒక స్టాప్. అపర్చర్ ఎఫ్16 నుంచి ఎఫ్11కు తిప్పినా రెట్టింపే. 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22 అని లెన్స్ మీద ఉన్న ప్రతి అంకెకూ పక్కదానికీ మధ్య ఒక స్టాప్ తేడా. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది, కొత్తవాళ్లందరూ తడబడేది అక్కడే. మా స్టూడియోలో పనికి చేరిన కుర్రాళ్లకు ఇది ఒంటబట్టడానికి వారం పట్టేది.

రెండో దొంగ ఆకాశం. నీ కెమెరా మీటర్ ఫ్రేమ్ మొత్తంలో ఉన్న వెలుతురును సగటు తీస్తుంది. మనిషి ఎక్కడున్నాడో దానికి తెలియదు. ఉదయం లోయ అంచున ఫ్రేమ్‌లో సగం పైగా ఆకాశం, పైగా సూర్యుడు మనుషుల వెనక. ముల్లు ఆ ఆకాశాన్ని చూసి "వెలుతురు ఎక్కువుంది, మూసేయ్" అంది. నువ్వు మూసేశావు. అక్కడ కనీసం రెండు స్టాప్‌లు పోయి ఉంటాయి. ముందు పోయిన ఒకటి కలిపితే మూడు. సగంలో సగంలో సగం, అంటే ఎనిమిదో వంతు వెలుతురు. మొహాలు నల్లగా రాక ఏమవుతాయి?

మీటర్ పోలేదు. అది చెప్పినట్టే నువ్వు చేశావు, అదే తంటా. ఆ నాలుగు ఫోటోలు ఎక్కడ తీసినవి?

గండికోట_గాలి (కడప) · సోమవారం, రాత్రి 8:41

రెండు ధాన్యాగారం లోపల, తలుపు దగ్గర కూర్చోబెట్టి తీసినవి సార్. రెండు గుడి మండపంలో స్తంభం పక్కన.

బురుజు_నీడ (కర్నూలు) · సోమవారం, రాత్రి 8:50

చూశావా. అక్కడ మనిషి చుట్టూ చీకటి. మీటర్ ఆ చీకటిని చూసి ఇంకా తెరవమంది. 400 వల్ల పోయిన స్టాప్ అట్లా తిరిగొచ్చింది. ఒక తప్పును ఇంకో తప్పు కొట్టేసింది, నీకు నాలుగు మంచి ఫోటోలు మిగిలాయి.

చెనక్కాయ_చేను (అనంతపురం) · సోమవారం, రాత్రి 10:30

తమ్ముడూ, పెద్దాయన చెప్పింది కళ్లతో చూడాలంటే నేను చేసిన పని చెయ్యి. నేను బ్లాక్ అండ్ వైట్ మాత్రమే తీస్తా, ఇంట్లోనే కడుక్కుంటా. మొదట్లో నాకూ ఇదే తంటా. ఒకరోజు పదకొండు గంటల ఎండలో మూడు ఫోటోలు తీసినా. ఒకటి దండెం మీద ఆరేసిన తెల్ల పంచె, ఫ్రేమ్ అంతా అదే. రెండోది వాకిట్లో కొత్తగా పాలిష్ పట్టి పరిచిన నల్ల కడప బండ, ఫ్రేమ్ అంతా అదే. మూడోది ఊరి బయట చెనక్కాయ చేను. మూడింటికీ ముల్లు సరిగ్గా మధ్యలో పెట్టినా.

కడిగి చూస్తే మూడూ ఒకే బూడిద రంగు! పంచె మాసిపోయినట్టు, బండ సున్నం కొట్టినట్టు. చేను ఒక్కటే కంటికి కనిపించినట్టుగా వచ్చింది. మా జేజి పంచె ఫోటో చూసి "సబ్బు పెట్టలేదా" అనింది.

అప్పుడర్థమైంది, మీటర్‌కు తెలుపూ నలుపూ తెలియవు. తన ముందు ఏది పెట్టినా అది నడిమి బూడిద రంగు వస్తువే అనుకుని లెక్క చెబుతుంది. 18 శాతం వెలుతురును తిప్పికొట్టే బూడిద రంగు అట అది, దానికి అట్టముక్కలు కూడా అమ్ముతారు. నేను కొనలేదు. పచ్చని చెనక్కాయ చేను దాదాపు ఆ లెక్కలోనే ఉంటుంది, మా ఎర్రమట్టి కూడా దగ్గర దగ్గరే. మనిషి నిలబడిన ఎండే చేను మీద పడుతుంటే, కెమెరాను చేను వైపు దించి ముల్లు సరిచేసుకుని, ఆ అంకెలు అలాగే ఉంచి పైకెత్తి ఫోటో తీస్తా. పైకెత్తాక ముల్లు మళ్లీ ఎగురుతుంది, దాన్ని పట్టించుకోను. ఆ పట్టించుకోకపోవడం నేర్చుకోవడానికే నాకు రెండు రీళ్లు పట్టినాయి.

తెల్లది ఫ్రేమ్ నిండా ఉంటే ముల్లు చెప్పినదానికంటే ఒకటిన్నర, రెండు స్టాప్‌లు ఎక్కువ ఇవ్వాలి. నల్లది ఉంటే తగ్గించాలి. మొదటిసారి విన్నప్పుడు తలకిందులుగా అనిపిస్తుంది.

రీలు_36 (గుంతకల్లు) · సోమవారం, రాత్రి 11:15

అక్కా, మరి నంద్యాల వైపు నల్లరేగడిలో నిలబెట్టి తీస్తే?

చెనక్కాయ_చేను (అనంతపురం) · మంగళవారం, ఉదయం 7:05

రేగడి మీద చదివితే ఎక్కువ వెలుతురు పడుతుంది, అంకెలు పెట్టుకున్నాక ఒక స్టాప్ మూసుకో. తడిసిన రేగడి అయితే ఇంకొంచెం. లేదంటే నీ అరచేయి వాడు. అరచేయి మన రంగు ఏదైనా కొంచెం తెల్లగానే ఉంటుంది, నడిమి బూడిద కంటే దాదాపు ఒక స్టాప్ ఎక్కువ. ఫ్రేమ్ నిండా అరచేయి పెట్టి ముల్లు మధ్యకు తెచ్చి, ఒక స్టాప్ తెరువు. ఫోకస్ కాకపోయినా ఫర్వాలేదు.

ఎండమావి (ప్రొద్దుటూరు) · మంగళవారం, మధ్యాహ్నం 1:20

అదంతా సరే. నా సన్నీ 22 సంగతి తేల్చండి. ఇప్పుడు బయట నలభై దాటింది. ఈ ఎండా ఊటీ ఎండా ఒకటేనా?

బురుజు_నీడ (కర్నూలు) · మంగళవారం, సాయంత్రం 5:30

ఫిలింకు దాదాపు ఒకటే. వేడి వేరు, వెలుతురు వేరు. నీ ఒంటికి తగిలే వేడిలో గాలి వేడి ఉంది, నేల నుంచి కొట్టే సెగ ఉంది. అవేవీ ఫిలిం మీద బొమ్మ వేయవు. మేఘం లేని పట్టపగలు, సూర్యుడు బాగా పైకెక్కాక, నేరుగా పడే వెలుతురు ఊరికీ ఊరికీ ఒక స్టాప్ కూడా తేడా రాదు. పైగా మే నెలలో మన దగ్గర గాలిలో దుమ్ము లేచి ఆకాశం తెల్లబారుతుంది. డిసెంబరులో ఉత్తరపు గాలికి కడిగినట్టున్న ఆకాశం కింద పడే ఎండే గట్టిది. చలి అని చెప్పి నువ్వు ఎఫ్11 పెడతావా ఏంది?

పాత రీళ్ల అట్టపెట్టె లోపలివైపు సూర్యుడు, మబ్బు బొమ్మలు వేసి పక్కన అంకెలు ఇచ్చేవాళ్లు. ఊటీలో తయారైన ఇందు ఫిలిం వాడినవాళ్లం మేము. మీటర్ లేని కెమెరాలే ఎక్కువ అప్పట్లో. బరోడాలో చేసిన ఆగ్ఫా క్లిక్ 3 లాంటి డబ్బా కెమెరాల మీదైతే అంకెలు కూడా ఉండవు, మబ్బు బొమ్మ, ఎండ బొమ్మ, అంతే. వాటితోనే ఎన్ని పెళ్లిళ్లు అయిపోలేదు!

సన్నీ 16లో నేను చూసేది సూర్యుణ్ణి కాదు, నేల మీద నా నీడను. నీడ అంచు బ్లేడుతో కోసినట్టుంటే ఎఫ్16. అంచు మెత్తబడితే ఎఫ్11. నీడ ఉందా లేదా అన్నట్టుంటే ఎఫ్8. నీడే లేకుండా ముసురు పట్టినట్టుంటే ఎఫ్5.6. ఎండరోజున చెట్టు కిందో అరుగు మీదో ఆకాశం వెలుతురు మాత్రమే పడే నీడలో ఎఫ్5.6 నుంచి ఎఫ్4. ఇవన్నీ షట్టర్ ఫిలిం నంబరుకు దగ్గరగా పెట్టుకున్నప్పుడు. 100 ఫిలిం అయితే 1/125, 200 అయితే 1/250, 400 అయితే 1/500. మనిషికి ఎండ వెనక నుంచి పడుతుంటే రెండు స్టాప్‌లైనా తెరవాలి. గండికోట పొద్దున ఫోటోలు ఆ రకమే.

ఇంకో మాట. కడప 14.5 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. ఏప్రిల్ చివర, మళ్లీ ఆగస్టు రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ వేళ ఎఫ్16 లెక్క తప్పదు, కానీ కనుబొమ్మల కింద గుంటలు పడి మనిషి పది రోజులు జ్వరంతో లేచినట్టు కనిపిస్తాడు. ఆ టైములో నేను ఎవర్నీ బయట నిలబెట్టేవాణ్ణి కాదు. భోజనం చేసి పడుకునేవాణ్ణి.

ఎండమావి (ప్రొద్దుటూరు) · మంగళవారం, రాత్రి 9:00

పెద్దాయనా, కోప్పడొద్దు. నేను సన్నీ 22తో తీసినవి నిజంగా బాగొచ్చినాయి. అన్నీ పెన్నలో తీసినవే, ఏరు ఎండిపోయినప్పుడు ఇసుకలో.

బురుజు_నీడ (కర్నూలు) · మంగళవారం, రాత్రి 9:12

ఇది ముందే చెప్పొద్దా! తెల్లటి ఇసుక మీద ఎఫ్22 సరైనదే, పాత అట్టపెట్టెల మీద కూడా ఇసుకకూ మంచుకూ అదే ఉండేది. ఇసుక కింద నుంచి వెలుతురును తిప్పి కొడుతుంది. నీ లెక్క ప్రొద్దుటూరుది కాదు, పెన్నా ఇసుకది. గట్టెక్కి రోడ్డు మీదికి రాగానే 16కు తిప్పుకో.

సెల్_మీటర్ (కడప, ఇప్పుడు బెంగళూరు) · బుధవారం, ఉదయం 10:10

నా మొదటి సలహా వెనక్కి తీసుకుంటున్నా, మీటర్ బాగానే ఉంది కదా. కానీ యాప్‌ను పూర్తిగా కొట్టిపారేయొద్దు. ఫోన్‌లో నాకు నచ్చేది, తెర మీద మొహాన్ని తాకితే ఆ ఒక్క చోటే చదువుతుంది. అది కూడా మొహాన్ని బూడిద రంగే అనుకుంటుంది, అక్క చెప్పిన లెక్క దానికీ వర్తిస్తుంది. యాప్ నమ్మకమైనదా కాదా తెలుసుకోవడానికి నేను చేసింది ఒకటే. మంచి ఎండలో తారురోడ్డు మీద, ఎర్రమట్టి మీద పెట్టి చూసి సన్నీ 16తో పోల్చినా. అర స్టాప్ లోపల ఉంటే చాలనుకున్నా, ఉంది.

రీలు_36 (గుంతకల్లు) · బుధవారం, మధ్యాహ్నం 2:45

మధ్యలో దూరుతున్నా. నాది మినోల్టా ఎస్ఆర్‌టీ 101, మా మామ ఇచ్చినది. అంకెలు అన్నీ సరిగ్గా పెట్టినా ఫోటోలు పలచగా వస్తున్నాయి. నంబరు చూసినా, 400కు 400 ఉంది. చేను వైపు కూడా చూసినా.

సెల్_మీటర్ (కడప, ఇప్పుడు బెంగళూరు) · బుధవారం, మధ్యాహ్నం 3:20

బ్యాటరీ. ఆ కెమెరా 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం చేసినది. పాదరసం విషం కాబట్టి ఆ బ్యాటరీలు ఇప్పుడు తయారు చేయడం లేదు. దాని బదులు అదే సైజు 1.5 వోల్టుల ఆల్కలైన్ వేసి ఉంటావు. వోల్టేజీ ఎక్కువైతే ముల్లు ఎక్కువ ఎగిరి, లేని వెలుతురును ఉందంటుంది. నువ్వు మూసేస్తావు. చెవిటి మిషన్లకు వాడే 675 నంబరు జింక్ ఎయిర్ బ్యాటరీ 1.4 వోల్టులు ఇస్తుంది, దానికి దగ్గర. సైజు చిన్నది, చుట్టూ రింగు పెట్టాలి. స్టిక్కర్ తీస్తే కొన్ని వారాలకు అయిపోతుంది, కానీ చవక. గండికోట_గాలి కె1000కు ఈ గొడవ లేదు, ఎల్ఆర్44 దానికి సరైనదే.

బురుజు_నీడ (కర్నూలు) · బుధవారం, సాయంత్రం 4:05

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి. గాలీ, కె1000 మీటర్‌కు స్విచ్ లేదు. లెన్స్ మీద వెలుతురు పడినంతసేపూ నడుస్తూనే ఉంటుంది. వాడనప్పుడు మూత పెట్టు. మూతే స్విచ్.

చర్చా_నిర్వాహకులు · బుధవారం, సాయంత్రం 6:00

ఈ చర్చలో ఎవరో లెన్స్ అమ్మకానికి పెట్టారు, తొలగించాం. అమ్మకాల విభాగం వేరుగా ఉంది. కొనసాగించండి.

గండికోట_గాలి (కడప) · బుధవారం, రాత్రి 9:30

అందరికీ చాలా థ్యాంక్స్. నంబరు 200కు మార్చినా. వచ్చే వారం మా నాయనను ఒంటిమిట్ట తీసుకుపోతున్నా, ఇంకో గోల్డ్ 200 వేస్తున్నా. ఒక డౌట్. కలర్ ఫిలిం అయితే 200 ఉన్నా చక్రం మీద 100 పెట్టమని చాలామంది వీడియోల్లో చెబుతున్నారు. పెట్టమంటారా?

చెనక్కాయ_చేను (అనంతపురం) · బుధవారం, రాత్రి 10:10

వద్దు తమ్ముడూ. కలర్ నెగెటివ్ ఒకటి రెండు స్టాప్‌లు ఎక్కువైనా తట్టుకుంటుంది, తక్కువైతే తట్టుకోదు. ఆ సలహా పుట్టింది అందుకే. తప్పు లేదు. కానీ నువ్వు ఇప్పుడే నీడను, నేలను చూసి చదవడం నేర్చుకుంటున్నావు. చక్రం మీదా ఒక స్టాప్ ఇచ్చి, చదివేటప్పుడు ఇంకోటి ఇచ్చి, భయంతో మరొకటి కలిపితే మూడవుతుంది. ఏది ఎక్కడ పనిచేసిందో నీకే తెలియదు. డబ్బా మీద ఉన్నదే పెట్టి ఒక రీలు తీయి. పక్కన చిన్న నోటు పుస్తకం పెట్టుకుని ప్రతి ఫోటోకూ షట్టర్, అపర్చర్, ఏం చూసి చదివావో రాసుకో.

స్లయిడ్ ఫిలిం (నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చేది) వేస్తే మాత్రం ఇదంతా తిరగేసుకోవాలి. అది ఎక్కువైతే తట్టుకోదు, తెల్లటి చోట్లు కాలిపోతాయి.

బురుజు_నీడ (కర్నూలు) · బుధవారం, రాత్రి 10:25

అమ్మాయి మాటే నా మాట. మండపం లోపల తీస్తే స్తంభం నీడ వైపు చదువు, బయట కనిపించే వాకిలిని ఫ్రేమ్‌లోకి రానివ్వకు. నీ 50 ఎంఎం లెన్స్‌తో చేత్తో పట్టుకుని 1/60 కంటే నిదానంగా తీయకు. నాకైతే ఇప్పుడు 1/125 కూడా వణుకుతుంది.

రీలు_36 (గుంతకల్లు) · బుధవారం, రాత్రి 10:40

స్టాండ్ మీద పెట్టి సెకన్లు సెకన్లు తీస్తే? బెలూం గుహలకు పోదామని ఉంది, నల్ల తెల్ల ఫిలింతో.

చెనక్కాయ_చేను (అనంతపురం) · గురువారం, ఉదయం 6:50

అక్కడ స్టాండ్ పెట్టనిస్తారో లేదో ముందు అడుగు. పెట్టనిస్తే, సెకను దాటితే ఫిలిం బద్ధకిస్తుంది, మీటర్ చెప్పిన టైము చాలదు. నేను వాడే ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్‌కు వాళ్లే లెక్క ఇచ్చారు, మీటర్ టైమును 1.31 ఘాతానికి హెచ్చించాలి. నాలుగు సెకన్లు చెబితే ఆరు, పది చెబితే ఇరవై. ఫిలిం ఫిలింకూ ఈ లెక్క మారుతుంది. దీపం బల్బులు ఫ్రేమ్‌లో ఉంటే మళ్లీ ఆకాశం కథే, ముల్లు వాటినే చూస్తుంది.

గండికోట_గాలి (కడప) · మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:00

రీలు వచ్చింది. 36లో ముప్పై ఒకటి బాగున్నాయి!

ఒంటిమిట్ట గోపురం ఎండలో 1/250, ఎఫ్16, మీటర్ చూడకుండా నా నీడ చూసి పెట్టినా. రాతి రంగు రాతి రంగులాగే వచ్చింది. మండపంలో మా నాయన కూర్చున్నది 1/60, ఎఫ్2.8, స్తంభం నీడ వైపు చదివినా. ఇది ఫ్రేమ్ కట్టిస్తా.

పోయిన ఐదులో రెండు ఫోకస్. ఒకటి వేలు అడ్డం. మిగిలిన రెండు వింతగా తెల్లబారినాయి. నోటు పుస్తకం చూస్తే అరచేతితో చదివినవి. మా నాయన ఎండలో ఉన్నాడు, నేను చెట్టు కింద నిలబడి నా చేతిని నీడలో చదివినా. ఇప్పుడు నవ్వొస్తోంది. నెగెటివ్‌లు చిక్కగా ఉన్నాయి, ల్యాబ్ వాళ్లు మళ్లీ స్కాన్ చేస్తే కొంత తేరుకుంటాయంటున్నారు.

వచ్చేటప్పుడు సిద్ధవటం దగ్గర పెన్న గట్టున మా నాయన "ఇటియ్యి" అని కెమెరా తీసుకుని, ముల్లు వైపు చూడకుండా రెండు చక్రాలూ తిప్పి నన్ను ఒక్కటి తీసినాడు. సాయంత్రం నాలుగున్నర, పలచగా మబ్బు. చూస్తే 1/500, ఎఫ్11. ఫోటో బాగుంది, కానీ నీడల్లో కొంచెం బురద ఉంది. ఎట్లా పెట్టినావని అడిగితే కెమెరా తోలు సంచి లోపలి అర చూపించినాడు. రీలు అట్టపెట్టె ముక్క కత్తిరించి అందులో దాచుకున్నాడు, సూర్యుడు, మబ్బు బొమ్మలు, పక్కన అంకెలు. ఇన్నాళ్లూ నేను ఆ అర తెరిచి చూడనే లేదు.

బురుజు_నీడ (కర్నూలు) · శనివారం, రాత్రి 8:25

భేష్. ఆ ముక్క ఏ రీలుదో చూసుకో నాయనా. అంకెల పైన ఉంటుంది.

గండికోట_గాలి (కడప) · శనివారం, రాత్రి 8:31

400ది సార్.